84 డిగ్రీల కార్డు: వైశాఖం నుంచి శ్రావణం దాకా

మే 9

మధ్యాహ్నం మూడయింది. మేడ మీద గదిలో థర్మామీటర్ 36 చూపిస్తోంది. శ్లాబు నెత్తి మీదే ఉంటుంది కాబట్టి రాత్రి ఎనిమిదైనా ఈ వేడి దిగదు. శ్రీకాకుళంలో ఎండ కంటే ఉక్క ఎక్కువ బాధపెడుతుంది. మా ఎడిటింగ్ అంతా ఈ గదిలోనే. అన్నయ్య పెళ్లిళ్లు షూట్ చేసి తెస్తాడు, నేను కట్ చేసి రంగులు సరిచేసి ఇస్తాను. మన వైపు ముహూర్తాలు చాలావరకు అర్ధరాత్రో తెల్లవారుజామునో పడతాయి. ఎన్ని లైట్లు పెట్టినా మండపం వెనక చీకటి ఉన్నచోట ఇసుక చల్లినట్టు నాయిస్ కనబడుతుంది. దాన్ని తుడవడానికి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో నాయిస్ రిడక్షన్ వేస్తే భారమంతా కంప్యూటర్లో బొమ్మల లెక్కలు చేసే గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది.

కార్డు జీటీఎక్స్ 1070, 8 జీబీ. ఈ మోడల్ 2016లో వచ్చింది, నేను రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. బ్లోయర్ రకం. ఒక చివర చిన్న చక్రం లాంటి ఫ్యాన్ గాలి పీల్చి, మూత కిందుగా తోసి, కంప్యూటర్ కేబినెట్ వెనక చిల్లుల్లోంచి బయటికి వదులుతుంది. కొత్త కార్డు కొనే డబ్బు ఇప్పట్లో లేదు. అందుకే కార్డు వేగం మార్చే ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కోర్ (కార్డులోని ప్రధాన చిప్పు) ప్లస్ 150 మెగాహెర్ట్జ్, మెమరీ ప్లస్ 400, పవర్ లిమిట్ 112 శాతం పెట్టుకుని ఓవర్‌క్లాక్ చేశాను, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే పెంచాను.

రెండర్, అంటే తుది వీడియో తయారీ, మొదలుపెట్టగానే క్లాక్ (చిప్పు వేగం) 2025 మెగాహెర్ట్జ్ ఉంటుంది. పది నిమిషాలు గడిచేసరికి కోర్ 84 డిగ్రీలు, క్లాక్ 1760. ఈ పాస్కల్ తరం కార్డులు వేడెక్కేకొద్దీ ఇంచుమించు 13 మెగాహెర్ట్జ్ చొప్పున మెట్లు దిగుతూ వస్తాయి. 83 దగ్గర కంపెనీ పెట్టిన హద్దు ఉంది, అక్కడికి చేరాక ఇంకా గట్టిగా దించేస్తాయి. నేను పెంచినదంతా వేడి తినేస్తోందన్నమాట. కొలత కోసం ఒక క్లిప్ పక్కన పెట్టుకున్నాను: తలంబ్రాల దగ్గర తీసిన హైలైట్స్, నిండా నాయిస్. రెండర్ కావడానికి 41 నిమిషాలు పట్టింది. ఫ్యాన్ నిమిషానికి 4000 చుట్ల మీద తిరుగుతుంటే కింద వంటింట్లో ఉన్న అమ్మకి కూడా వినబడుతోంది.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. ఆ నెల్లో దీని సంగతి తేల్చి, శ్రావణం నాటికి సిద్ధంగా ఉంచాలి.

మే 25

కొత్త కూలర్‌కి డబ్బు పెట్టే ముందు ఉన్నదాన్ని విప్పి చూడాలనిపించింది. పది నిమిషాలు లోడ్ మీద నడిపి, కరెంటు తీసేసి, కార్డు వెచ్చగా ఉండగానే విప్పాను. అలా చేస్తే చిప్పుకీ కూలర్‌కీ మధ్య వేడిని దాటించడానికి రాసి, ఎండిపోయిన పేస్ట్ కాస్త మెత్తబడి, కూలర్ చిప్పును పట్టుకుని రాకుండా విడిపోతుంది. ఒక తెల్ల కాగితం మీద కార్డు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించాను. వాటిలో మూడు తుప్పు పట్టి ఉన్నాయి. సముద్రం గాలి తగిలే ఊళ్లో ఇది తప్పదు.

మూత తీస్తే అల్యూమినియం రెక్కల మధ్య బూడిదరంగు కంబళి ముక్క ఇరికించినట్టుంది. ట్వీజర్‌తో లాగితే ముక్కలుగా కాదు, పొరగా ఊడొచ్చింది. దుమ్ము, అగరొత్తుల మసి, అందులో చిక్కుకున్న దోమ రెక్కలు. ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి ఎందుకు వెళ్లడం లేదో అప్పుడు అర్థమైంది.

చిప్పు బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది, అంతే. 314 చదరపు మిల్లీమీటర్లు. కార్డు మామూలుగా తీసుకునే 150 వాట్లలో ఎక్కువ వంతు ఆ గోరంత జాగాలోంచే బయటికి రావాలి. ఇస్త్రీ పెట్టె వెయ్యి వాట్లు తీసుకున్నా ఆ వేడి అరచేతికంటే పెద్ద రేకు మీద పరుచుకుంటుంది కదా. ఈ తేడా తెలిశాక చిప్పుకీ కూలర్‌కీ మధ్య ఉండే పేస్ట్ అంటే నాకు గౌరవం పెరిగింది. పాతది సున్నంలా పెళుసెక్కి ఉంది. సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికింది, దానితో తుడిచేశాను. కళ్లజోడు గుడ్డ వాడాను, నూలు గుడ్డయితే పోగులు వదులుతుంది. కొత్త పేస్ట్‌ని చిప్పు అంతటా, నాలుగు మూలలకీ అందేలా పల్చగా రాశాను.

గది 35 ఉండగా కోర్ 80. మునుపు గదికీ కోర్‌కీ తేడా 48, ఇప్పుడు 45. ఇకమీదట నోట్‌బుక్‌లో ఈ తేడానే రాస్తాను. వైశాఖంలో కొలిచిన 80కీ వాన పడిన రాత్రి కొలిచిన 80కీ పోలిక పెడితే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

మూడు డిగ్రీలు సరిపోవు.

జూన్ 1

అన్నయ్య గదికి వాడే నీళ్ల కూలర్ తెచ్చి కేబినెట్ ఎదురుగా పెట్టాడు. వాడి ఆశ వాడిది. ఒక పూట చూశాను. కోర్ ఒక్క డిగ్రీ తగ్గింది, కాగితాలు మెత్తబడ్డాయి, తేమ మీటర్ 84 శాతం దాటింది. గాలి పొడిగా ఉన్నచోట నీరు ఆవిరవుతూ చల్లబరుస్తుంది. మన గాలిలో ఇప్పటికే నీరుంది, ఇంకెక్కడ ఆవిరవుతుంది? పైగా ఆ తడిగాలిని నేరుగా సర్క్యూట్ బోర్డు మీదకి తోలడం నాకు ఇష్టం లేదు. తీసేశాం.

జూన్ 16

కొన్నవి వచ్చాయి. సెకండ్ హ్యాండ్ లిక్విడ్ కూలర్ ఒకటి, 120 మిల్లీమీటర్ల రేడియేటర్‌ది. చిప్పు మీది పంపు నీళ్లని తిప్పుతుంది, రేడియేటర్ ఆ నీళ్ల వేడిని గాలికి వదులుతుంది. నిజానికి అది ప్రాసెసర్ కోసం చేసినది. దాన్ని గ్రాఫిక్స్ కార్డుకి బిగించడానికి ఒక ఇనుప బ్రాకెట్, దాని చివర 92 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్. ఇంకా మెమరీ చిప్పులకు అంటించే చిన్న చిన్న అల్యూమినియం హీట్‌సింక్‌లు (వేడిని గాలికి వదిలే ముక్కలు), వెనక జిగురు టేపుతో వచ్చాయి.

వాడిన లిక్విడ్ కూలర్ కొనేవాళ్లు ఒకటి గమనించాలి. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి నీరు కొద్దికొద్దిగా ఇంకిపోతుంది, ఆ మేరకు లోపల గాలి చేరుతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గలగల వినబడుతుంది. నాది కొంచెం వినబడింది, ఫరవాలేదనిపించింది. బల్ల మీద పెట్టి పంపుకి కరెంటిచ్చి ఒక రాత్రంతా నడిపాను, కింద న్యూస్‌పేపర్ పరిచి. తెల్లారి కాగితం పొడిగానే ఉంది.

జూన్ 29

ఆషాఢం వచ్చింది. కెమెరా బ్యాగు అటకెక్కింది. పొద్దున్న తొమ్మిదికి మొదలుపెడితే బిగించేసరికి మూడైంది.

పాత కూలర్ మొత్తం తీసేశాను. కోర్ మీది హీట్‌సింక్ కింద, బోర్డుకి ఆనుకుని ఒక అల్యూమినియం పళ్లెం ఉంది. మెమరీ చిప్పులకీ, కరెంటు సరఫరా చేసే వీఆర్‌ఎం భాగానికీ వేడిని దాటించే మెత్తని థర్మల్ ప్యాడ్లతో తగిలి ఉంటుంది. కొత్త పంపు కూర్చోవాల్సిన చోట దాని అంచు ఒకటి రెండు మిల్లీమీటర్లు అడ్డొచ్చింది. అందుకని పళ్లేన్ని పక్కన పెట్టి, ఎనిమిది మెమరీ చిప్పులకీ, వీఆర్‌ఎం మీదా చిన్న హీట్‌సింక్‌లు అంటించాను.

పంపు బిగించేటప్పుడు స్క్రూలు ఎదురెదురు మూలలవి ఒక్కో చుట్టు తిప్పుతూ వెళ్లాను. ఒకవైపు ముందే బిగిస్తే చిప్పు అంచు పగిలిపోయే ప్రమాదం ఉంది, పైన లోహపు మూత ఏదీ ఉండదు మరి. రేడియేటర్‌ని కేబినెట్ వెనక, పైన బిగించాను. లోపల చేరిన గాలి ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి పంపు కంటే రేడియేటర్ తల పైన ఉండాలి. లేకపోతే ఆ గాలి పంపులో కూర్చుని నీళ్లు ఆడనివ్వదు.

ఇంకో చిక్కు. రేడియేటర్ ఫ్యాన్ వైరు మదర్‌బోర్డుకి పెట్టాను కదా, అది ప్రాసెసర్ వేడిని చూసి తిరుగుతుంది. రెండర్‌లో ప్రాసెసర్ చల్లగా ఉండి కార్డు కాలిపోతుంటే ఫ్యాన్‌కి తెలియదు. ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, కార్డు వేడిని బట్టి తిరిగేలా మార్చాను. పంపుని మాత్రం ఎప్పుడూ పూర్తి వేగం మీదే ఉంచాను.

రాత్రి తొమ్మిదికి గది 31. రెండర్ పెట్టి అలా కూర్చుండిపోయాను. పది నిమిషాలకి 52. ఇరవై నిమిషాలకి 54, అక్కడే ఆగింది. క్లాక్ 1987 నుంచి కదల్లేదు. గదికీ కోర్‌కీ తేడా 48 ఉన్నది 23 అయ్యింది. క్లిప్ 36 నిమిషాలన్నరలో అయిపోయింది. అమ్మ పైకి వచ్చి "ఆపేశావేటే?" అంది. మిషను నడుస్తోందని చూపించాక నమ్మింది.

జులై 1

రాత్రి పదకొండున్నరకి పెద్ద ప్రాజెక్టు ఒకటి రెండర్ పెట్టాను. ఇరవై అయిదో నిమిషంలో కేబినెట్‌లో "టక్" మని చిన్న శబ్దం. పట్టించుకోలేదు. కాసేపటికి స్క్రీన్ మీద ఆకుపచ్చ, గులాబీ రంగుల చిన్న చిన్న గళ్లు మొదలయ్యాయి, తర్వాత నలుపు. అప్పుడు కోర్ ఎంతుందో తెలుసా? 55.

స్విచ్ ఆపి టార్చ్ వేసి చూస్తే, ఒక హీట్‌సింక్ ఊడి కింద పవర్ సప్లై కప్పు మీద పడి ఉంది. కార్డుని కేబినెట్‌లో పెట్టినప్పుడు చిప్పులన్నీ నేలవైపు చూస్తుంటాయి. నేను అంటించిన హీట్‌సింక్‌లన్నీ తలకిందులుగా, ఒక్క జిగురు టేపు మీద వేలాడుతున్నాయి. వేడికి జిగురు మెత్తబడింది. ఊడినది వీఆర్‌ఎం పక్కనున్న మెమరీ చిప్పుది. అల్యూమినియం ముక్క కిందికి జారింది కాబట్టి సరిపోయింది. కరెంటు ఉన్న రెండు కాళ్ల మధ్య ఇరుక్కుని ఉంటే కార్డు పోయేది. చాలాసేపు నిద్ర పట్టలేదు.

జులై 3

నా 1070లో వేడి చెప్పే సెన్సర్ ఒక్క కోర్‌కే ఉంది. మెమరీ ఎంత కాలుతోందో, వీఆర్‌ఎం ఎంత కాలుతోందో ఏ సాఫ్ట్‌వేరూ చూపించదు. నేను రెండు రోజులుగా ఆ 54 చూసి సంతోషపడుతున్నది, కార్డులో గోరంత భాగం గురించి మాత్రమే. మిగతా కార్డు సంగతి నాకు తెలియదు.

కరోనా నాటి నుదుటి థర్మామీటర్ ఇంట్లో ఉంది. అది 43 దాటితే "హై" అని ఊరుకుంటుంది. మా వీధి చివర ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే బాబాయి దగ్గర టెంపరేచర్ గన్ ఉందని గుర్తొచ్చి వెళ్లాను. తనే తీసుకుని పైకి వచ్చాడు. మొదట హీట్‌సింక్ మీద పెట్టి మీట నొక్కితే 41 వచ్చింది. నా ప్రాణం కుదుటపడింది. బాబాయి తల అడ్డంగా ఊపాడు. "అమ్మాయ్, మెరిసే రేకు మీద ఇది నిజం చెప్పదు. అద్దంలో గది చూసినట్టే. కాగితం టేపు ముక్క అంటించి చూడు" అన్నాడు. టేపు అంటించి మళ్లీ నొక్కితే అదే హీట్‌సింక్ 78. తర్వాత బోర్డు వెనకవైపు, సరిగ్గా వీఆర్‌ఎం వీపున పెట్టాం. అక్కడ బోర్డు రంగుపూతతో మసకగా ఉంటుంది కాబట్టి టేపు అక్కర్లేదు. 97.

12 వోల్టుల కరెంటుని చిప్పుకి కావలసిన ఒక వోల్టు చుట్టుపక్కలకి దించేది ఈ వీఆర్‌ఎమ్మే. ఓవర్‌క్లాక్ చేస్తే ముందు దానికే పని పెరుగుతుంది. అందులోని మాస్‌ఫెట్లు (కరెంటుని ఆన్, ఆఫ్ చేసే చిన్న స్విచ్చులు) 97కి చచ్చిపోవు, ఇంకా ఎక్కువే ఓర్చుకుంటాయి. కానీ వాటి పక్కన కెపాసిటర్లు ఉంటాయి. పది డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్లు వేసే మోటు లెక్క ఒకటుంది. పాత బ్లోయర్ కూలర్ గోల చేసేది, కోర్‌ని 84లో ఉంచేది. అయినా దాని గాలి మొత్తం బోర్డు మీదుగా పోయేది, దాని పళ్లెం అన్ని చిప్పుల్నీ పట్టుకుని ఉండేది. నేను చిప్పుని చల్లబరిచి, చుట్టూ ఉన్నవాళ్లని ఎండలో వదిలేశాను.

బాబాయి వెళ్తూ కేబినెట్ వైపు చూసి, "ఈ డబ్బా మూత ఎప్పుడూ తీసే ఉంటాదేటి?" అని అడిగాడు. గాలి కోసం అన్నాను. "తలుపులన్నీ తీస్తే గాలి ఎటు పడితే అటు పోద్ది. దానికి దారి చెయ్యాల. ముందునుంచి రావాల, వెనక్కి పోవాల" అన్నాడు. గన్ నా దగ్గరే వదిలి వెళ్లాడు.

జులై 6 నుంచి 9

పళ్లేన్ని తిరిగి పెట్టాలని నిర్ణయించాను. అడ్డొచ్చిన అంచు మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి, ఆకురాయితో రుద్దడం మొదలుపెట్టాను. అల్యూమినియం మెత్తనిదే కానీ ఆకురాయి పళ్లలో ఇరుక్కుపోతుంది. పళ్లకి ముందే సుద్దముక్క రుద్దితే తక్కువ పట్టుకుంటుంది. పావుగంటకోసారి పంపు పెట్టి చూడటం, మళ్లీ రుద్దడం. రెండు రోజుల్లో రెండు మిల్లీమీటర్లు. అయిపోయాక సబ్బునీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, బ్రష్షుతో మూలమూలా దులిపాను. ఆ పొడి ఒక్క రవ్వ బోర్డు మీద పడినా షార్ట్ కావచ్చు.

తర్వాత ప్యాడ్లు. పాతవి వేలు పెడితే పిండిలా రాలుతున్నాయి, చుట్టూ నూనె మరక. కొత్తవి ఎంత మందం ఉండాలన్నది ముఖ్యం. పల్చగా ఉంటే చిప్పుకి తగలదు. మందంగా ఉంటే పళ్లెం పైకి లేచి, పంపు కోర్ మీద సరిగా కూర్చోదు. చిన్న మైనం ఉండలు చిప్పుల మీద పెట్టి, పళ్లెం బిగించి, విప్పి, అణిగిన మైనాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాను. మెమరీ మీద ఒక మిల్లీమీటరుకి దగ్గరగా, వీఆర్‌ఎం మీద ఒకటిన్నరకి దగ్గరగా వచ్చింది. మైనం మొత్తం ఆల్కహాల్‌తో తుడిచి, ఆ కొలతల ప్యాడ్లే వేశాను.

బ్రాకెట్ మీది 92 ఫ్యాన్ ఇప్పుడు నేరుగా పళ్లెం మీదకి వీస్తోంది. కేబినెట్ మూత వేశాను. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వాటికి దోమతెర గుడ్డ బిగించాను. వెనక రేడియేటర్ బయటికి.

గది 33. కోర్ 57. వీఆర్‌ఎం వీపు 74, మెమరీ వీపు 66. గంటన్నర నడిపినా గళ్లు లేవు. కోర్ తేడా 24, మూత వేసినందుకు ఒక్క డిగ్రీ పోయింది. వీఆర్‌ఎం దగ్గర 23 డిగ్రీలు తగ్గిన తర్వాత ఆ ఒక్కటీ పోతే పోయింది.

జులై 13

ఇంకో వైపునుంచి కూడా రావచ్చు కదా అని వోల్టేజీ మీద కూర్చున్నాను. చిప్పు తినే పవర్ క్లాక్‌తో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే వర్గంగా పెరుగుతుంది. 1.062 వోల్టుల నుంచి 0.900కి దింపితే, క్లాక్ మారకపోయినా, లెక్క ప్రకారం నాలుగో వంతు కంటే ఎక్కువే ఆదా. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజీ గీత తెరుచుకుంటుంది. 0.900 దగ్గరి చుక్కని పైకి లాగి, దాని తర్వాతివన్నీ చదునుగా చేశాను. 1936కి క్రాష్. 1911కి అరగంట ఆడి ఆగిపోయింది. 1886 దగ్గర నిలబడింది.

కార్డు తీసుకునే పవర్ 168 వాట్ల నుంచి 118కి దిగింది. గది 32, కోర్ 49, వీఆర్‌ఎం వీపు 61. క్లిప్‌కి 38 నిమిషాలు పట్టింది, అంటే నిమిషంన్నర ఎక్కువ. ఈ పని మే నెలలోనే, పైసా ఖర్చు లేకుండా చేయగలిగేదాన్ని. మేడ గదిలో ఇలాంటి కార్డుతో కుస్తీ పడుతున్నవాళ్లు ఎవరడిగినా ముందు వోల్టేజీ దింపమనే చెబుతాను. కూలర్ తర్వాత.

ఈ సెట్టింగులని రెండు ప్రొఫైళ్లుగా దాచుకున్నాను. పగలు 1886. అర్జెంటు పని ఉన్న రాత్రి 1987.

జులై 20

నీళ్లు తిరిగినా గాలి తిరిగినా వేడి ఎక్కడికీ పోలేదు, గదిలోకే వచ్చింది. తలుపులు వేసి గంటన్నర రెండర్ నడిపితే గది 32 నుంచి 35కి పెరిగింది, దాంతో పాటు కోర్ కూడా. బల్లని కిటికీ దగ్గరికి జరిపి, కేబినెట్ వెనక భాగం కిటికీ వైపు తిప్పాను. రేడియేటర్ ఊదేది నేరుగా బయటికే పోతోంది. శ్లాబు మీద అన్నయ్య కొబ్బరి మట్టలు పరిచాడు. ఈ రెండింటితో గది ఒకటిన్నర డిగ్రీ తక్కువ ఉంటోంది. జల్లు కొడితే తడవకుండా కిటికీకి రేకు చూరు వేయించాలి. ఇంకా వేయించలేదు.

ఆగస్టు 4

శ్రావణంలో మొదటి పెళ్లి మొన్న రాత్రి ఆమదాలవలసలో జరిగింది. అన్నయ్య తెల్లవారి వచ్చి కెమెరా మెమరీ కార్డులు ఇచ్చి పడుకున్నాడు. పగలంతా కట్ చేసి, రాత్రి పదింటికి 1987 ప్రొఫైల్ మీద మొత్తం రెండర్ పెట్టాను. నాలుగు గంటల పది నిమిషాలు నడిచింది. అరగంటకోసారి లేచి గన్‌తో కొలిచి రాసుకున్నాను. గది 30, కోర్ 54, వీఆర్‌ఎం వీపు 72. చివరిదాకా ఆ పక్కా ఈ పక్కా ఒక డిగ్రీ మించి కదల్లేదు. కేబినెట్ పక్కనే చాప వేసుకుని అన్నయ్య మళ్లీ నిద్రపోయాడు, మధ్యలో ఒక్కసారీ లేవలేదు.

గన్‌ని సంచిలో పెట్టాను, పొద్దున్నే బాబాయికి ఇచ్చేయాలి. ప్యాడ్లు కుదురుకున్నాక స్క్రూలు కాస్త వదులవుతాయి. దసరాకి ముందు ఒకసారి బిగించి చూడాలి, అప్పుడు మళ్లీ అడుగుతాను.